శిక్షాకారుడు: సంగీతం నేర్పే గురువులను తీర్చిదిద్దిన చరిత్ర



నాదమహిమను గురించి ఇటువంటి వేదికల మీద ఎందరో పెద్దలు ఎన్నో పర్యాయములు ప్రసంగించి యున్నారు. నాదం ఉపాసనామార్గమనీ, గానం వలన చిత్తం నిర్మలమవుతుందనీ మనమందరమూ ఎరిగినదే. అయితే ఆ నాదాన్ని పసిపిల్లల గొంతులో నిలిపే ఉపాధ్యాయుడు ఎక్కడ నుండి వస్తాడు? అతనికి నేర్పడం నేర్పినవారెవరు? ఈ ప్రశ్న తరచుగా వినబడదు. నేటి ప్రసంగానికి ఇదే విషయం.

ఇప్పుడు ఈ ప్రస్తావన ఎందుకు అంటారేమో. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం సంగీతాది కళలను పదవ తరగతి వరకు అందరికీ విధిగా నేర్పవలెనని సిఫారసు చేసినది. 2020 నాటి జాతీయ విద్యావిధానం కళలకూ ఇతర పాఠ్యాంశాలకూ మధ్య అడ్డుగోడలు ఉండరాదని చెప్పినది; స్థానికులైన కళాకారులను బడులకు పిలిపించి నేర్పించుకొనవచ్చునని కూడా సూచించినది. అనగా ప్రభుత్వ విధానం వైపు నుండి తలుపు తెరచియే ఉన్నది. ఆ తలుపు గుండా లోపలికి వచ్చి, నలభై మంది పిల్లల ఎదుట నిలబడి, శ్రుతి పట్టించి, స్వరం పలికించగల మనిషి కావలె. అటువంటి మనిషి తనంత తాను పుట్టుకొని రాడు. అతనిని తయారు చేయవలె. పూర్వులు ఏ విధంగా తయారు చేశారో తెలిసికొంటే మనం చేయవలసినది కొంత తేటపడుతుంది.

పాడడం, నేర్పడం

పదమూడవ శతాబ్దంలో దేవగిరి యాదవరాజు సింఘణుని ఆశ్రయంలో ఉండిన శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరాన్ని రచించాడు. దానికి మన రాచకొండ ప్రభువు సింగభూపాలుడు సంగీతసుధాకరమనే వ్యాఖ్యానం వ్రాశాడు. ఆ గ్రంథంలో గాయకులు ఐదు విధములని చెప్పబడినది. ఇతరుల బాణీని అనుసరించి పాడేవాడు అనుకారుడు. రసావేశంతో పాడేవాడు రసికుడు. వినేవారిని రంజింపజేసేవాడు రంజకుడు. గీతానికి కొత్త శోభను చేకూర్చేవాడు భావకుడు. ఈ నలుగురికంటె ముందుగా లెక్కించబడినవాడు శిక్షాకారుడు. ఏ లోపమూ లేకుండా నేర్పడంలో దక్షుడని అతనికి లక్షణం. నేర్పేవానిని గాయకులలో ఒక తెగగా చేర్చడమే కాక, అతనికి మొదటి స్థానం ఇవ్వడం గమనింపదగిన విషయం.

అంతకు ఎన్నో శతాబ్దాలకు పూర్వమే కాళిదాస మహాకవి మాళవికాగ్నిమిత్రంలో ఇదే విషయాన్ని ఒక కథగా చూపించాడు. గణదాసు, హరదత్తుడు అని ఇద్దరు నాట్యాచార్యులు. ఎవరు గొప్ప అన్న వివాదం రాజు ముందుకు వచ్చినది. తీర్పు చెప్పవలసిన పరివ్రాజిక ఒక మాట అన్నది. కొందరికి విద్య తమలో బాగా కుదిరి యుంటుంది. మరికొందరికి దానిని ఇతరులకు సంక్రమింపజేయడంలో విశేషమైన నేర్పు ఉంటుంది. ఈ రెండూ ఎవనియందు ఉన్నవో అతనినే ఆచార్యులలో అగ్రస్థానంలో నిలపవలె అని దాని తాత్పర్యం. ఆ పిమ్మట పరీక్ష ఎట్లా జరిగినది? ఆచార్యులను ఆడి చూపమనలేదు. వారి శిష్యురాండ్రను రంగం మీద నిలిపి చూడవలెనని నిర్ణయించారు. గురువు ప్రజ్ఞకు శిష్యుడే ప్రమాణమని ఆనాడే మన పెద్దలు తేల్చి యున్నారు.

నేటి లోకంలో ఈ భేదం మరుగున పడినది. బాగా పాడేవాడు బాగా నేర్పగలడని మనం అనుకొంటున్నాము. కచేరీలో ఆరితేరిన విద్వాంసుడు ఏడేండ్ల పిల్లవానికి సరళీస్వరం చెప్పడానికి కూర్చుంటే విసిగిపోవడం కద్దు. అది ఆయన విద్వత్తుకు కొరత కాదు. ఆయనకు ఎవరూ రెండవ విద్యను నేర్పలేదు, అంతే.

వేదపాఠశాలలో గురువు తయారైన తీరు

ఈ రెండవ విద్యను మన వేదపాఠశాలలు వేరే పేరు పెట్టకుండానే నేర్పుతూ వచ్చినవి. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి వర్ణము, స్వరము, మాత్ర, బలము, సామము, సంతానము అని ఆరు విషయాలను శిక్షాశాస్త్రానికి అంగాలుగా చెబుతున్నది. ఈ ఆరింటినీ ఒక సంగీతోపాధ్యాయుని ముందుంచి చూడండి. అక్షరం స్పష్టంగా పలకడం, స్వరస్థానం తప్పకపోవడం, కాలప్రమాణం, ఊనిక, సమత, తెగకుండా కలిపి పాడడం: పిల్లవాని గొంతులో అతడు దిద్దవలసినవి ఇవే గదా. ఆ వల్లిలోనే విద్యకు గురువు ఒక వైపు, శిష్యుడు మరొక వైపు ఉంటారనీ, విద్య ఆ ఇద్దరి సంధి అనీ, బోధనయే వారిని కలిపేదనీ చెప్పబడినది. ఒక వైపు ఎంత గట్టిగా ఉన్నా కలిపేది లేకపోతే సంధి కుదరదు.

ఇక పాఠశాలలో జరిగేది చెబుతాను. గురువు ఒకమారు చెప్పినదానిని శిష్యులు రెండుమార్లు చెబుతారు. దీనిని సంత చెప్పుకోవడమంటారు. పిమ్మట అనేక పర్యాయములు వల్లె వేస్తారు. అయిదారేండ్లు ఈ విధంగా గడచిన విద్యార్థికి గురువు ఒకనాడు కొత్తగా చేరిన చిన్నవాండ్రను అప్పగిస్తాడు. ఇక ఆ పెద్ద విద్యార్థి సంత చెప్పవలె. గురువు దూరంగా కూర్చుని తన పని తాను చేసుకుంటున్నట్లే ఉంటాడు గాని, చెవి ఇటే ఉంటుంది. చిన్నవాడు ఉదాత్తాన్ని జార్చితే పెద్దవాడు పట్టుకొన్నాడా, లేదా? పట్టుకొంటే కసరుకొన్నాడా, లేక ఓర్పుతో మరల చెప్పించాడా? ఆ సాయంకాలం గురువు దిద్దేది చిన్నవానిని కాదు, పెద్దవానిని. ఇట్లా రెండు మూడేండ్లు జరిగేసరికి ఆ విద్యార్థి తనకు తెలియకుండానే ఉపాధ్యాయుడై ఉంటాడు. వేదం వచ్చినవాడు, వేదం చెప్పగలవాడు అనే రెండు పనులూ ఒకే ఇంట ఒకే గురువు కనుచూపులో జరిగినవి.

పాణినీయశిక్ష అధమపాఠకులను ఆరుగురిని చెబుతుంది. రాగం తీస్తూ చదివేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, వ్రాసినది చూచి చదివేవాడు, అర్థం ఎరుగనివాడు, గొంతు పెగలనివాడు. దోషాలకు ఈ విధంగా పేర్లు పెట్టడంలో ఒక ప్రయోజనం ఉన్నది. పేరు ఉన్న దోషాన్ని ఉపాధ్యాయుడు గుర్తించగలడు, గుర్తించినదానిని దిద్దగలడు. బాగాలేదు అని మాత్రమే చెప్పేవాడు పిల్లవానికి ఏమీ చెప్పనట్లే.

పరంపర తెగితే ఏమవుతుంది

ఈ విధంగా గురువు నుండి గురువు పుట్టే ఏర్పాటు నిలిచినచోట విద్య నిలిచినది. సామవేదానికి వేయి శాఖలుండేవని ప్రతీతి. నేటికి అధ్యయనంలో ఉన్నవి కౌథుమ, రాణాయనీయ, జైమినీయ శాఖలు మూడే. తక్కినవి గ్రంథాలు కాలిపోయి పోలేదు. చెప్పేవాడు మరొక చెప్పేవానిని తయారు చేయకుండా కన్ను మూసిన రోజున పోయినవి.

తెలుగువారమైన మనకు ఇంతకంటె దగ్గరి దృష్టాంతం తాళ్లపాక అన్నమాచార్యులవారిది. 1408లో జన్మించి 1503లో పరమపదించిన ఆ మహానుభావుడు ముప్పది రెండు వేల సంకీర్తనలు చెప్పెనని సంప్రదాయం. ఆయన కుమారులు, మనుమలు వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరచారు. రాజులు మారినారు, కాలం మారినది, రేకులు చెడలేదు. ఇరవయ్యవ శతాబ్దంలో పండితులు వాటిని వెలికి తీసి పరిష్కరించి ప్రకటించగా పన్నెండు వేలకు పైగా సంకీర్తనలు మనకు దక్కినవి. ప్రతి కీర్తనకూ పైన రాగం పేరు ఉన్నది. అయితే ఆచార్యులవారు దానిని ఎట్లా పాడినారో రేకు చెప్పలేదు. ఆ గానం నోటి నుండి నోటికి రావలసినది. నడుమ ఆ నోరు మూతపడినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు ఎంతో శ్రమించి, భక్తితో కొత్తగా స్వరపరచిన వరుసలలోనే నేడు మనం అనేక సంకీర్తనలను పాడుకొంటున్నాము. వారికి మనం ఋణపడి ఉన్నాము. రాగిరేకు సాహిత్యాన్ని అయిదువందల ఏండ్లు కాపాడినది గాని, పాటను కాపాడలేకపోయినదన్న మాట మాత్రం మనసులో ఉంచుకొనవలె.

త్యాగరాజస్వామివారి కీర్తనల గతి అట్లా కాలేదు. ఆయనకు వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లస్థానం మొదలైన ఊళ్లలో శిష్యశాఖలు ఏర్పడినవి. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ తాను నేర్చినదానిని వ్రాసి కూడా పెట్టాడు. వ్రాత ఉన్నది, నేర్పే శిష్యులూ ఉన్నారు. అందుచేతనే ఆ కీర్తనలు వరుసలతో సహా మన దాకా వచ్చినవి.

గురుకులం నుండి బడికి

పందొమ్మిదవ శతాబ్దాంతానికి తంజావూరు వంటి ఆస్థానాలు అంతరించినవి. గురువు ఇంట పదేండ్లు ఉండి నేర్చుకొనే వీలు కొద్దిమందికే మిగిలినది. పిల్లలు బడికి వెళ్లసాగినారు. సంగీతం కూడా బడికి వెళ్లవలసిన కాలం వచ్చినది. అక్కడే చిక్కు ఎదురైనది. గురుకులంలో ఒక గురువుకు ఇద్దరో ముగ్గురో శిష్యులు. బడిలో తరగతికి ముప్పది, నలభై మంది. అక్కడ తెల్లవారుజామున మొదలైన సాధన మధ్యాహ్నం దాకా సాగుతుంది. ఇక్కడ ముప్పావుగంటకు గంట కొడతారు.

మొదట పుస్తకం వచ్చినది. ఎట్టయపురం సంస్థాన విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు 1904లో సంగీతసంప్రదాయప్రదర్శినిని తెలుగులిపిలో ప్రకటించాడు. గమకాలకు సైతం గుర్తులు ఏర్పరచిన మహాగ్రంథమది. తమ వంశంలో దాచుకొన్న విద్యను అచ్చులో పెట్టడానికి ఆయన మొదట వెనుకాడినా, చిన్నస్వామి మొదలియార్ వంటివారి ప్రోత్సాహం, సంస్థానాధీశుని ఆదరణ ఆ పనిని నెరవేర్చినవి. మరుసటి సంవత్సరం 1905లో ఆయనే ప్రథమాభ్యాస పుస్తకమును వెలువరించాడు. అంతటి గ్రంథాన్ని వ్రాసిన అరువది అయిదేండ్ల వృద్ధ విద్వాంసుడు, వెంటనే కూర్చుని మొదటి పాఠాలవారికి చిన్న పుస్తకం వ్రాశాడంటే, ఆయన దృష్టి ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. మరుసటి ఏడు ఆయన దివంగతుడయ్యాడు.

పుస్తకం ఉన్నది. దానిని చేతబట్టుకొని బడిలో నేర్పేవాడో? ఆ ప్రశ్నకు ముందుగా సమాధానం వెదకినవారిలో ఒకరు మహారాష్ట్ర దేశంలో పుట్టినవారు.

పలుస్కర్ ఉపదేశకులు

విష్ణుదిగంబర్ పలుస్కర్ 1872లో కురుంద్వాడ్‌లో జన్మించాడు. బాల్యంలో బాణసంచా పేలి చూపు దెబ్బతిన్నది. మిరజ్‌లో బాలకృష్ణబువా ఇచల్కరంజీకర్ వద్ద ఏండ్ల తరబడి గురుకులవాసం చేసి గాయకుడయ్యాడు. ఆస్థానంలో చేరి సుఖంగా ఉండవచ్చును. ఆయన అట్లా చేయలేదు. 1901 మే 5వ తేదీన లాహోరులో గాంధర్వ మహావిద్యాలయాన్ని స్థాపించాడు. తన భాష కాని దేశంలో, రాజాశ్రయం లేకుండా, ప్రజల చందాల మీద, తన కచేరీల ఆదాయం మీద ఆధారపడి దానిని నడిపాడు.

ఆయన చేసిన పనులలో మన విషయానికి ముఖ్యమైనది ఉపదేశక వర్గం. విద్యాలయానికి వచ్చి రుసుము చెల్లించి నేర్చుకొని వెళ్లేవారు ఒక తెగ. వారు గాక, గురువులు కాదలచిన బాలురను ఆయన వేరుగా చేర్చుకొన్నాడు. వారికి భోజనం, వసతి, విద్య అన్నీ ఉచితం. దానికి బదులుగా తొమ్మిదేండ్లు విద్యాలయంలో ఉండవలెనని ఒప్పందం. వారు నేర్చుకొంటూనే క్రింది తరగతులకు నేర్పేవారు. తెల్లవారకముందే లేవడం, ప్రార్థన, సాధన, నియమబద్ధమైన నడవడి. సంగీతం వృత్తిగా గలవారిని లోకం చులకనగా చూచిన కాలమది. తన శిష్యుడు ఏ గృహస్థు ఇంటికి వెళ్లినా గౌరవంగా కూర్చోబెట్టవలెనని ఆయన పట్టుదల. వారి కొరకు, వారి విద్యార్థుల కొరకు సంగీత బాలప్రకాశ్ మొదలైన చిన్న పుస్తకాలను స్వరలిపితో అచ్చు వేయించాడు.

సభాసదులు ఒక విషయం గమనించి ఉంటారు. పెద్ద విద్యార్థి చిన్నవారికి సంత చెప్పడం, గురువు దూరాన కూర్చుని వినడం అని నేను పాఠశాలను గురించి ఏది చెప్పితినో, ఆయన దానినే ఊరి నడుమ, గంట కొట్టే బడిలో నెలకొల్పాడు. పాతదానిని వదలలేదు, కొత్త ఇంట్లోకి మార్చాడు.

1908లో ఆయన బొంబాయిలో విద్యాలయం తెరచాడు. అక్కడ పెద్ద భవనం నిర్మించడానికి అప్పు చేశాడు. అప్పు తీరలేదు. 1924 ప్రాంతంలో భవనం వేలానికి పోయినది. శ్రీరామభక్తుడైన ఆయన నాసిక్‌లో ఆశ్రమం ఏర్పరచుకొని రామనామసంకీర్తనలో కాలం గడిపాడు. 1923లో మన కాకినాడలో జరిగిన కాంగ్రెసు మహాసభకు వచ్చి వందేమాతరం ఆలపించినవాడు కూడా ఈయనే. 1931లో పరమపదించాడు.

భవనం పోయినందువలన ఆయన పని పోయినదా? లోకదృష్టికి అట్లాగే కనబడి ఉండవచ్చును. కాని ఉపదేశక వర్గంలో పెరిగిన శిష్యులు అప్పటికే నలుదిక్కులకూ వెళ్లియున్నారు. ఓంకారనాథ్ ఠాకూర్‌ను ఆయన 1916లోనే, ఇరువది ఏండ్లైనా నిండకముందే, లాహోరు విద్యాలయానికి ప్రధానాచార్యునిగా పంపాడు. ఆ ఓంకారనాథులే 1950లో కాశీ హిందూ విశ్వవిద్యాలయ సంగీత కళాశాలకు మొదటి ప్రధానాచార్యులైనారు. వినాయకరావు పట్వర్ధన్ 1932లో పుణెలో గాంధర్వ మహావిద్యాలయం స్థాపించాడు. ఆయన శిష్యుడు వినయచంద్ర మౌద్గల్య 1939లో ఢిల్లీలో స్థాపించాడు. గురువు గతించిన 1931లోనే శిష్యులందరూ కలిసి అఖిల భారతీయ గాంధర్వ మహావిద్యాలయ మండలిని ఏర్పరచి, ఒకే పాఠ్యక్రమంతో పరీక్షలు నడిపించసాగినారు. ఇటుకలు అప్పులవాండ్ర పాలైనవి గాని, తొమ్మిదేండ్లు అన్నం పెట్టి తీర్చిన మనుషులను ఎవరూ వేలం వేయలేకపోయినారు.

భాత్ఖండే, విజయనగరం, మదరాసు

అదే కాలంలో న్యాయవాది అయిన విష్ణునారాయణ భాత్ఖండే వేరొక దారిని నడిచాడు. ఆయన 1904లో దక్షిణదేశయాత్ర చేసి, ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులను దర్శించి సంభాషించాడు. ఉత్తరదేశంలోని వివిధ ఘరానాల గానాన్ని సేకరించి, క్రమిక పుస్తకమాలిక అనే పేరుతో మెట్లు మెట్లుగా ఆరు భాగాల పాఠ్యగ్రంథం సిద్ధం చేశాడు. 1918లో గ్వాలియరులో మాధవ సంగీత విద్యాలయం ప్రారంభమైనది. దానికి ముందు అక్కడి సింధియా మహారాజు ఒక వివేకమైన పని చేశాడు. తన సంస్థానంలోని గాయకులను కొందరిని బొంబాయికి పంపి భాత్ఖండే వద్ద కొత్త బోధనాపద్ధతిలో శిక్షణ ఇప్పించాడు. రాజాభయ్యా పూంఛ్‌వాలే వారిలో ఒకరు. పిమ్మట ఆ విద్యాలయానికి అధిపతి అయినారు. వారికి పాట రాక పంపలేదు. పాట వచ్చినవారికి తరగతిలో నేర్పే తీరు తెలియవలెనని పంపాడు. బడి తెరవడానికి ముందే బడిలో చెప్పేవారిని సిద్ధం చేసికొన్న ఈ క్రమం నేటి పాలకులు గమనింపదగినది.

మన తెలుగుదేశంలో విజయనగర ప్రభువు విజయరామ గజపతి 1919లో సంగీత కళాశాల స్థాపించాడు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు విద్యార్థిగా చేరదామని రాగా, ఆయన వాయులీనం విని దాసుగారు ఆచార్యపదవినే ఇప్పించారని చెబుతారు. 1936లో నాయుడుగారే అధ్యక్షులైనారు. ఆ కళాశాలలోనే పట్రాయని సీతారామశాస్త్రిగారు గాత్రం నేర్పినారు. పేదరికంలో అక్కడకు వచ్చి, వారాలకు, మధూకరానికి తిరిగి చదువుకొన్న ఒక బాలుని ఆయన తన ఇంట చేరదీసి నేర్పినారు. ఆ బాలుడే ఘంటసాల వేంకటేశ్వరరావు. శిష్యుని కంఠం తెలుగునేల అంతటా మ్రోగినది. గురువు పేరు ఎందరికి తెలుసు? శిక్షాకారుని భాగ్యం ఇంతే. ఆయన దానిని కొరతగా ఎంచలేదు.

మదరాసులో 1927 డిసెంబరులో కాంగ్రెసు మహాసభతో పాటు అఖిలభారత సంగీత సమ్మేళనం జరిగినది. దాని ఫలంగా 1928లో మ్యూజిక్ అకాడమీ వెలసినది. కచేరీలు ఏర్పాటు చేయడంతో ఆ పెద్దలు తృప్తి చెందలేదు. 1931లో సంగీతోపాధ్యాయుల కళాశాల పేరుతోనే ఒక విద్యాలయం తెరచి, టైగర్ వరదాచార్యులవారిని దానికి మొదటి అధ్యక్షులుగా నియమించారు. గాయకుల కళాశాల అని కాక ఉపాధ్యాయుల కళాశాల అని పేరు పెట్టడంలోనే వారి సంకల్పం వ్యక్తమవుతున్నది. తరువాత 1959లో తిరుమల తిరుపతి దేవస్థానంవారు తిరుపతిలో శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల నెలకొల్పారు.

కొత్త ఉపాధ్యాయునికి ఏమి నేర్పవలె

ఈ చరిత్ర అంతా విన్న తరువాత నేటి స్థితిని చూడవలె. సంగీతంలో సర్టిఫికెట్టు, డిప్లొమా, పట్టా ఇచ్చే సంస్థలు ఉన్నవి. పట్టా పుచ్చుకొన్న యువతీయువకులు ఉన్నారు. కేంద్రీయ విద్యాలయాలలో ప్రాథమిక తరగతులకు సంగీతోపాధ్యాయ పదవి ఉన్నది. తక్కిన బడులు అనేకం ఆ పదవి లేకుండానే నడుస్తున్నవి. ఆగస్టు పదిహేనుకు ముందు పది రోజులు పిల్లలకు నాలుగు పాటలు వల్లింపజేయడంతో సరిపెట్టుకొంటున్నవి. ఒకవేళ పదవి వచ్చినా, పట్టా పుచ్చుకొన్న యువకుడు తరగతిలో అడుగుపెట్టగానే తడబడుతున్నాడు. అతనికి రాగాలక్షణం వచ్చును, వర్ణం వచ్చును. నలభై గొంతుల నడుమ శ్రుతి తప్పిన ఒక గొంతును పట్టుకోవడం ఎవరూ నేర్పలేదు.

కనుక అతనికి నేర్పవలసినవి కొన్ని ఉన్నవి. మొదటిది, పిల్లల శ్రుతి. మగ ఉపాధ్యాయుడు తన ఒకటో శ్రుతిలో పాడితే పసిపిల్లలకు క్రింది స్వరాలు అందవు. వారు గొణుగుతారు, లేదా అరుస్తారు. వారి గొంతుకు నాలుగున్నర, అయిదు శ్రుతులు సహజం. తన సౌకర్యం వదలి పిల్లల శ్రుతికి వెళ్లడం అతడు అభ్యసించవలె. పన్నెండు, పదమూడేండ్ల మగపిల్లలకు గొంతు మారే కాలంలో బలవంతంగా పై స్థాయి పాడించరాదని కూడా తెలిసి ఉండవలె.

రెండవది, మెట్లు. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు, గీతాలు అనే క్రమాన్ని పురందరదాసులవారు ఏర్పరచినారని సంప్రదాయం. మాయామాళవగౌళలో ఆరంభించడంలో గొప్ప యుక్తి ఉన్నది. పూర్వాంగానికీ ఉత్తరాంగానికీ అమరిక ఒకటే; ఒక సగం చేతికి వస్తే రెండవ సగం దానంతట అదే పట్టుబడుతుంది. ఈ యుక్తి తెలిసిన ఉపాధ్యాయుడు ఆ పాఠాన్ని బ్రతికించి చెబుతాడు. తెలియనివాడు అంకెలవలె వల్లింపజేస్తాడు.

మూడవది, పుస్తకం తావు. పుస్తకం జ్ఞాపకానికి సాధనం. గురువుకు బదులు కాదు. శిక్షాకారులు లిఖితపాఠకుని అధముడన్నది ఇందుకే. నేడు పుస్తకం స్థానంలో సెల్‌ఫోను వచ్చినది. అది ఎన్నిమార్లైనా పాడి వినిపిస్తుంది గాని, పిల్లవాడు పాడినది విని, ఇక్కడ జారినావు నాయనా అని చెప్పలేదు.

నాలుగవది, పెద్దల ఎదుట నేర్పడం. పట్టాకు ముందు ఒక ఏడాది అయినా అతడు నిజమైన పిల్లలకు పాఠం చెప్పవలె. అనుభవజ్ఞుడు వెనుక కూర్చుని వినవలె. పాఠం ముగిసిన పిమ్మట ఇద్దరే కూర్చుని, ఏ పిల్లవాడు ఎక్కడ తప్పినాడు, నీవు ఏమి చేసితివి అని మాట్లాడుకొనవలె. వేదపాఠశాల చేసినది ఇదే. ఉపదేశక వర్గం చేసినదీ ఇదే. దీనిని వదలి ఎన్ని గ్రంథాలు చదివించినా ఉపాధ్యాయుడు తయారు కాడు.

అయిదవది, జీవిక. పలుస్కర్ తొమ్మిదేండ్లు అన్నం పెట్టాడు. గ్వాలియరు ప్రభువు ఖర్చు భరించి పంపాడు. తనకు నేర్పేవాడు ఆకలితో ఉన్నాడని పిల్లలకు తెలిసిన విద్యను ఏ తల్లిదండ్రులూ తమ బిడ్డకు కోరరు.

2020 నాటి విద్యావిధానం 2030 నాటికి ఉపాధ్యాయవృత్తికి నాలుగేండ్ల సమగ్ర బోధనాపట్టాను కనీస అర్హతగా చేయవలెనని లక్ష్యం పెట్టుకొన్నది. ఆ నాలుగేండ్లలో సంగీతానికి ఇటువంటి శిక్షణ ఎంత దొరుకుతుందో అధికారులు ఆలోచింతురు గాక. అది వారి ధర్మం.

మన ధర్మం వేరే ఉన్నది. ప్రతి ఊరిలోనూ ఆలయమండపం ఉన్నది. సాయంకాలం అక్కడ భజన జరుగుతుంది. ఊరిలో సంగీతం వచ్చిన పెద్దవారు ఒకరైనా ఉంటారు. ఇప్పుడిప్పుడే నేర్చుకొన్న యువతో యువకుడో ఒకరైనా ఉంటారు. వారానికి రెండు సాయంకాలాలు పదిమంది పిల్లలను ఆ యువకుని ముందు కూర్చోబెట్టండి. పెద్దవారిని వెనుక కూర్చుని వినమని ప్రార్థించండి. ఆ యువకునికి ట్రస్టు తరఫున గౌరవవేతనం ఇవ్వండి. దక్షిణ అనే పేరుతో చేతిలో పెట్టి దాటవేయకండి. ఉత్సవానికి పందిరి వేయించే దాతలు ఒక ఉపాధ్యాయుని ఒక ఏడాది పోషించితే అదీ స్వామి కైంకర్యమే. పదిమందిలో ఒకరు గాయకులు కావచ్చును, కాకపోవచ్చును. ఒకరు మంచి శిక్షాకారులైతే చాలును. ఆ ఒకరి నుండి మరి నూరుమంది వస్తారు.

ఒకనాడు తిరుమల భాండాగారంలో భద్రపరచిన రాగిరేకుల మీద అక్షరాలు నేటికీ నిలిచి ఉన్నవి. మన తరంలో స్వరపరచుకొన్న వరుసలైనా మరి అయిదువందల ఏండ్ల తరువాత పిల్లల గొంతులో ఉండవలెనంటే, ఈనాడు నేర్పేవారిని తయారు చేయడం ఒక్కటే మార్గం. ఆ సంకల్పాన్ని శ్రీవారు మీ అందరికీ అనుగ్రహించుగాక.

స్వస్తి. శుభం భూయాత్.